ఆలస్యంగా ఎగిరిన సెంటర్ హాఫ్

రోజూ నేను ఎవరి గురించి రాస్తానో వాళ్లలో ఒక్కరు కూడా ఇప్పుడు బతికి లేరు. గుణదలలో మా ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన టేబుల్ వేసుకుని, వందేళ్ల కిందటి స్కాట్లాండ్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల జీవిత వివరాలు రాస్తుంటాను. హిస్టరీలో ఎమ్మే చేసి కొన్నాళ్లు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పాను. అక్కడ ఆ గ్రూపే ఎత్తేశారు. ఆ తర్వాత దొరికిన పని ఇది. పాత ఆటల చరిత్ర పోగుచేసే ఒక విదేశీ వెబ్‌సైట్ వాళ్లు దేశాలవారీగా ఆటగాళ్లని పంచి ఇస్తారు. నా వంతుకి స్కాట్లాండ్ వచ్చింది, గత శతాబ్దపు తొలి రోజులవాళ్లు. అప్పటి పేపర్లు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. అవి చదివి, ఫలానా మనిషి ఎక్కడ పుట్టాడు, ఏయే క్లబ్బుల్లో ఆడాడు, ఎందుకు మానేశాడు, మానేశాక ఏమయ్యాడు అనేది ఇంగ్లీషులో ఒక పేజీ రాసి పంపాలి.

మొదట్లో అందరి కథా ఒకేలా అనిపించేది. బొగ్గు గనుల ఊళ్లో పుట్టడం, బడి మానగానే గనిలో దిగడం, శనివారం ఒంటిపూట షిఫ్టు ముగించుకుని మొహం కడుక్కుని గ్రౌండుకి పరిగెత్తడం. గనులు లేని చోట ఓడలు కట్టే యార్డులు. బాగా ఆడేవాణ్ణి గ్లాస్గోలోని పెద్ద క్లబ్బు పిలిచేది, ఇంకా బాగా ఆడితే ఇంగ్లండ్ వాళ్లు తన్నుకుపోయేవాళ్లు. మధ్యలో యుద్ధం వచ్చిపడేది. ప్రాణాలతో తిరిగొచ్చినవాడికి ఆడే వయసు దాటిపోయేది. యుద్ధం వదిలినవాణ్ణి మోకాలు పట్టుకునేది. చివర్లో ఒక చిన్న పబ్బు పెట్టుకుని, గోడ మీద పాత ఫోటో తగిలించుకుని కూర్చున్నవాడు అదృష్టవంతుడి కింద లెక్క. చాలామంది మళ్లీ గనిలోకే దిగారు.

రాయగా రాయగా ఒక్కొక్కడూ వేరే మనిషిగా కనపడటం మొదలైంది. అందుకు సగం కారణం మా నాన్న. ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయనా షిఫ్టు దిగి, బొగ్గు మసి కడుక్కుని, కాలనీ గ్రౌండులో ఆడిన మనిషే. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా వెనక కుర్చీలో కూర్చుని, "ఇవాళ ఎవడమ్మా?" అనేవారు. నేను ఆ రోజు మనిషి కథ తెలుగులో చెప్పేదాన్ని. నాన్న మధ్యమధ్యలో ప్రశ్నలు వేసేవారు. ఏ పొజిషన్‌లో ఆడేవాడు? ఎడమ కాలా, కుడి కాలా? నాకు తెలియకపోతే నొచ్చుకునేవారు.

ఆ కాలంలో సబ్‌స్టిట్యూట్లు లేరని చెప్పినప్పుడు నాన్న నమ్మలేదు. ఆట మొదలుపెట్టిన పదకొండు మందే ఆఖరిదాకా ఆడాలి. కాలు విరిగినా తల పగిలినా బదులు మనిషి రాడు. దెబ్బ తగిలినవాడు కుంటుకుంటూ ఒక అంచున నిలబడితే చాలు, ఎదుటి జట్టులో ఒకడు వాణ్ణి కాపలా కాయాల్సి వస్తుందని ఆశ. బంతి తోలుది. కుట్టుకి తాడు బిగించేవాళ్లు. వానలో నానిందంటే బండరాయే. దాన్ని తలతో కొడితే ఆ తాడు ముడి నుదురు చీల్చేది.

"ఆ బంతిని మన గ్రౌండులో వేస్తే వీడు ఏం చేస్తాడో చూడాలి," అనేవారు నాన్న, తమ్ముణ్ణి చూపించి.

తమ్ముడు నాకంటే చాలా చిన్నవాడు. డిగ్రీ అయిపోయింది. జిల్లా జట్టులో డిఫెన్స్ మధ్యలో ఆడతాడు. ఆ చోటునే నా పాత పేపర్లు సెంటర్ హాఫ్ అంటాయి. మంచి పొడగరి. గాల్లో వచ్చే ప్రతి బంతీ వాడిదే. చిన్నప్పుడు కాలనీ గ్రౌండులో నాన్న బంతి పైకి విసురుతుంటే ఎగిరెగిరి తలతో కొట్టేవాడు. చీకటి పడి బంతి కనపడకపోయినా ఇంటికి వచ్చేవాడు కాదు. రాష్ట్ర జట్టులో చోటు దొరికితే స్పోర్ట్స్ కోటాలో ఏదో ఒక ఉద్యోగానికి దారి పడుతుందని ఇంటిల్లిపాదికీ ఆశ. అమ్మ ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి దానికోసమే ప్రార్థన చేసేది.

పోయిన ఏడాది వానాకాలంలో, జిల్లాల పోటీ సెమీఫైనల్ జరిగిన వారంలో, నేను ఒక సెంటర్ హాఫ్ గురించి రాస్తున్నాను. అతనూ గనుల ఊరివాడే. పేరు రాయను, ఇప్పటికీ ఎక్కడో అతని వాళ్లు ఉండే ఉంటారు. అతని తొలి రోజుల రిపోర్టులు చదువుతుంటే పండగలా ఉంటుంది. గాల్లో బంతికి అతనికంటే ముందు చేరినవాడు లేడని రాశారు. ఒక పెద్ద మ్యాచ్‌లో ఎదుటివాడి తలా అతని తలా గుద్దుకున్నాయి. మోసుకుపోయారు. చన్నీళ్లు, తడి స్పంజీ, నెత్తికి కట్టు. కాసేపటికి కట్టుతోనే తిరిగొచ్చాడు. జనం టోపీలు గాల్లోకి విసిరారు. మరుసటి శనివారం మళ్లీ ఆడాడు. పేపర్లు అతని ధైర్యాన్ని పొగిడాయి.

ఆ తర్వాత నుంచి రిపోర్టుల్లో ఒక మాట కనపడటం మొదలైంది. బంతికి ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చాడు. ఇవాళ కూడా ఆలస్యంగా ఎగిరాడు. పూర్వపు మనిషి కాడు. పెద్ద క్లబ్బు అతన్ని అమ్మేసింది. తర్వాత చిన్న క్లబ్బు, ఇంకా చిన్న క్లబ్బు, ఆ తర్వాత పేపర్లలో పేరే లేదు. కొన్నేళ్లకి ఒక మూల చిన్న వార్త, ఒకప్పటి ఫలానా ఆటగాడు పిచ్చాసుపత్రిలో చనిపోయాడని. చనిపోయేనాటికి వయసులోనే ఉన్నాడు. ఆ దెబ్బ వల్లే ఇదంతా అని రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆ సీజన్ తర్వాత ఆట తగ్గింది అని రాసి, ఆ పేజీ ఇంకా పంపకుండా అట్టే పెట్టుకున్నాను.

సెమీఫైనల్ ఇబ్రహీంపట్నంలో, మా పాత కాలనీ గ్రౌండులోనే జరిగింది. ఆ రోజు అమ్మా నాన్నా కొండపల్లిలో బంధువుల పెళ్లికి వెళ్లారు. మా వాళ్లు ఒక్కరైనా ఉండాలని నేను స్కూటీ మీద తమ్ముణ్ణి తీసుకుని వెళ్లాను. వాన పడుతూనే ఉంది. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు సగం దాకా మబ్బులో మునిగిపోయాయి. తమ్ముడు అంత బాగా ఆడటం నేను ఎప్పుడూ చూడలేదు. ఎదుటి జట్టువాళ్లు బంతిని పైకి కొట్టడమే ఆలస్యం, వీడి తల అక్కడ సిద్ధంగా ఉండేది.

రెండో సగంలో కార్నర్ కిక్ వచ్చింది. వీడూ ఎదుటి ఫార్వర్డూ ఒకేసారి ఎగిరారు. గొడుగు కింద కూర్చున్న నాకు వాన చప్పుడులో కూడా ఆ తగిలిన చప్పుడు వినిపించింది. ఇద్దరూ పడ్డారు. ఆ అబ్బాయి తల పట్టుకుని లేచి కూర్చున్నాడు. తమ్ముడు లేవలేదు. నేను గొడుగు వదిలేసి గీత దాకా పరిగెత్తాను. కోచ్ గారు వాడి మొహం మీద నీళ్లు కొడుతున్నారు. కాసేపటికి వాడు కళ్లు తెరిచి, ఆయన చెయ్యి నెట్టేసి, లేచి నిలబడ్డాడు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. ఆట అయ్యేదాకా వాడు మళ్లీ ఒక్క బంతి వదల్లేదు. ఒక్క గోల్ తేడాతో గెలిచాం. మర్నాడే విజయవాడలో ఫైనల్. రాష్ట్ర జట్టు సెలెక్టర్లు వస్తున్నారు.

తిరిగొచ్చేటప్పుడు స్కూటీ తనే నడుపుతానని ఎప్పుడూ గొడవపడే మనిషి తాళాలు నా చేతికిచ్చి వెనక కూర్చున్నాడు. అలిసిపోయాడు అనుకున్నాను. గొల్లపూడి దాటుతుండగా నా భుజం తట్టాడు.

"అక్కా, ఎంతకి గెలిచాం?"

"ఒకటి సున్నా. ఆ మాత్రం తెలీదా?" అన్నాను.

భవానీపురం దగ్గర లారీల వెనక ఆగినప్పుడు మళ్లీ తట్టాడు. "అక్కా, ఎంతకి గెలిచాం?"

వేళాకోళం అనుకుని నవ్వాను. ఫ్లైఓవర్ ఎక్కాం. కింద కృష్ణ బురదరంగులో పారుతోంది. వెనకనుంచి అదే గొంతుతో, అంతే మామూలుగా, "అక్కా, మనం గెలిచామా?" అన్నాడు.

వాడు వేళాకోళం ఆడటం లేదు. ఫ్లైఓవర్ మీద ఆపడానికి లేదు. వెనక బస్సు హారన్ కొడుతోంది. వాడు నిద్రపోయి పడిపోతాడేమోనని, "నా నడుం పట్టుకోరా, గట్టిగా పట్టుకో," అని అరుస్తూ నడిపాను. దిగాక ఏలూరు కాలవ పక్కన ఆపితే, వాడు దిగి రెయిలింగ్ పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

"ఆస్పత్రికి పోదాం," అన్నాను.

"వద్దక్కా. పొద్దున్నించీ ఏమీ తిన్లేదు, అందుకే. ఆస్పత్రికి పోతే రేపు ఆడొద్దంటారు."

"అందుకేగా పోదామనేది!"

"రేపు మ్యాచ్ అయ్యాక నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా. ఒట్టు. నాన్నకి మాత్రం చెప్పకే."

నేను మాట ఇవ్వలేదు. అమ్మా నాన్నా పెళ్లి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగానే, వాడి ఎదురుగానే అంతా చెప్పేశాను. అమ్మ వెంటనే వెళ్లి వాడి పక్కన కూర్చుంది. నాన్న వాణ్ణి లైటు కిందికి పిలిచి, నెత్తి తడిమి, సెల్‌ఫోన్ లైటు వేసి రెండు కళ్లూ చూశారు. ప్లాంట్‌లో పనిచేసేటప్పుడు ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ తీసుకున్నారు ఆయన.

"కళ్లు బానే ఉన్నాయి," అన్నారు. "ఏరా, తల నొప్పిగా ఉందా?"

"కొంచెం. పడుకుంటే పోద్ది."

"నాన్నా, అదే మాట మూడుసార్లు అడిగాడు. వాంతి చేసుకున్నాడు," అన్నాను.

"దెబ్బ తగిలితే కాసేపు మైకంగానే ఉంటదమ్మా. నాకు ముక్కు పగిలినప్పుడు ఇంటికి దారే తెలీలేదు. మర్నాడు డ్యూటీకి పోలా?"

నేను కోచ్ గారికి ఫోన్ చేశాను. ఆయన ఎవరినీ నొప్పించని మనిషి. "మీరు కంగారుపడకండమ్మా, రేపు పొద్దున ఎలా ఉన్నాడో చూద్దాం. వాడు లేకపోతే మన డిఫెన్సే లేదు," అన్నారు. ఆ రెండు మాటలూ ఆయన ఒకే ఊపిరిలో అన్నారు.

ఇంక నాకు వేరే దారి తోచలేదు. నాన్న ముందు కూర్చుని, ఆ వారం నేను రాస్తున్న సెంటర్ హాఫ్ కథ చెప్పాను. కట్టుతో తిరిగొచ్చిన దగ్గర నాన్న తల ఊపారు, అలాంటివి ఆయనకి ఇష్టం. ఆలస్యంగా ఎగరడం దగ్గరికి వచ్చేసరికి ఊపడం ఆపేశారు.

"తర్వాత?"

తర్వాతది కూడా చెప్పాను.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "ఎప్పుడో చచ్చినవాడికి నన్ను ముడిపెడతావేంటే? వాడికేమైందో నీకు మాత్రం తెలుసా? అక్కడ కూర్చుని పేపర్లు చదువుతావ్, గ్రౌండులో ఎప్పుడైనా కాలు పెట్టావా?"

వాడు అడిగింది నిజమే. ఆ మనిషికి ఏమైందో నాకు తెలియదు. తెలియదని నేనే రాసుకున్నాను.

నాన్న "వాడి ఆట వాడిది. పొద్దున్న వాడెట్లా ఉంటే అట్లా," అన్నారు. అమ్మ మాత్రం వాడి మంచం పక్కనే చాప వేసుకుంది.

పొద్దున్నే తమ్ముడు బ్రహ్మాండంగా ఉన్నాడు. ఇడ్లీలు అడిగి అడిగి వేయించుకున్నాడు. అమ్మని నవ్వించాడు. నాన్న నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. నాకే సిగ్గనిపించింది. రాసే పని మనిషిని పిరికిదాన్ని చేస్తుందేమో అనుకున్నాను. అప్పుడు కిటికీలోంచి ఎండ పడితే వాడు లేచి వెళ్లి కర్టెన్ వేసేశాడు. ఎండ కోసం మొహం వాచిపోయే వానాకాలంలో ఎవరూ ఆ పని చెయ్యరు. బూట్లు కట్టుకోవడానికి వంగినప్పుడు తలుపు చెక్క పట్టుకున్నాడు. కాసేపటికి పెరట్లో వాడి గొంతు వినిపించింది. జట్టులో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నిన్న గోల్ ఎవరు కొట్టారు, ఏ సగంలో కొట్టారు, ఎవరు పాస్ ఇచ్చారు అని ఒక్కొక్కటే అడిగి, విన్నదాన్ని మెల్లగా తనలో తను మళ్లీ చెప్పుకుంటున్నాడు. పరీక్ష హాలు బయట పిల్లలు వల్లె వేసుకుంటారే, అలాగ.

నేను వాళ్లకంటే ముందే గ్రౌండుకి చేరాను. కోచ్ గారికి నేను విన్నది చెప్పాను. ఆయన టోపీ తీసి నెత్తి తుడుచుకున్నారు.

"అమ్మా, నేను వాణ్ణి ఆపితే బతికున్నంతకాలం నన్ను తిట్టుకుంటాడు. మీరూ ఆలోచించండి, సెలెక్టర్లు వచ్చి కూర్చున్నారు."

"ఆపకపోతే తిట్టుకోడానికి వాడుంటాడో లేదో చూడండి సార్."

అంత మాట అన్నందుకు నాకే భయం వేసింది. ఆయన టోపీ మళ్లీ పెట్టుకున్నారు. వెళ్లి రిఫరీతో మాట్లాడారు. రిఫరీ తమ్ముణ్ణి పిలిచి, ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, నిన్న ఎవరితో ఆడారు, ఎంతకి గెలిచారు, గోల్ ఎవరు కొట్టారు అని అడిగారు. వాడు తడుముకోకుండా అన్నింటికీ సరిగ్గా చెప్పాడు.

"బానే ఉన్నాడు కదండీ," అన్నారు రిఫరీ.

"అవన్నీ పొద్దున అడిగి తెలుసుకున్నాడండీ. వాడికి గుర్తులేదు," అన్నాను.

జట్టు మొత్తం నన్ను చూస్తోంది. ఒకడు మొహం తిప్పుకుని నవ్వాడు. తమ్ముడు దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "ఇంటికి పో అక్కా. నీకు దణ్ణం పెడతా, పో," అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత దగ్గరగా చూస్తే వాడు మళ్లీ చిన్నపిల్లాడిలా కనిపించాడు. నేను వెనక్కి నడిచి వచ్చేశాను. నా వల్ల అయింది అంతే.

నాన్న గ్యాలరీలో కింది మెట్టు మీద కూర్చున్నారు. నేను వెళ్లి ఆయనకి కాస్త దూరంగా కూర్చున్నాను. ఇద్దరం ఒకరినొకరు చూసుకోలేదు.

మ్యాచ్‌కి ముందు డిఫెండర్లకి పొడుగు బంతులు వేసి వార్మప్ చేయిస్తున్నారు. మొదటి బంతి తమ్ముడు కొట్టాడు. నాన్న ఊపిరి వదలడం నాకు వినిపించింది. రెండో బంతి వచ్చింది. వాడు ఎగిరాడు. బంతి అప్పటికే దాటిపోయి వెనక పడింది. వాడు నవ్వుతూ చెయ్యి ఊపి ఇంకొకటి వెయ్యమన్నాడు. మూడోది నేరుగా నెత్తి మీదికే వచ్చింది. చిన్నప్పటినుంచీ వాడు కళ్లు తెరిచే కొడతాడు, నాన్న అలాగే నేర్పారు. ఆ బంతికి వాడు కళ్లు మూసుకుని, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నాన్న లేచారు.

గీత దాటి, చెప్పులతోనే గ్రౌండు మధ్యకి నడిచారు. లైన్ రిఫరీ ఏదో అరిచాడు. నాన్న ఆగలేదు. తమ్ముడి దగ్గరికి వెళ్లి మణికట్టు పట్టుకున్నారు. వాడు విదిలించుకున్నాడు. నాన్న మళ్లీ పట్టుకున్నారు. ఈసారి వాడు రెండు చేతులతో నాన్న రొమ్ము మీద నెట్టాడు. మా ఇంట్లో నాన్న ఎదుట ఎవరం గొంతు కూడా పెంచం. ఆయన ఒక అడుగు వెనక్కి తూలి, మళ్లీ ముందుకొచ్చి, వాడి మెడ వెనక చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నారు. గ్యాలరీలో వాళ్లు లేచి నిలబడి చూస్తున్నారు. సెలెక్టర్ల బెంచీ కూడా అటే చూస్తోంది. నాన్న ఏం చెప్పారో నాకు వినపడలేదు. కాసేపటికి తమ్ముడి భుజాలు జారిపోయాయి. కోచ్ గారు సబ్‌స్టిట్యూట్‌ని పిలిచారు.

చాలా రోజుల తర్వాత ఏమన్నారని నాన్నని అడిగాను. "ఆ బంతి నీదిరా, నువ్వు వదిలే బంతి కాదురా అన్నాను. అంతకంటే ఏం చెప్పాలి?" అన్నారు.

అటునుంచి అటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. స్కాన్ తీశారు. రక్తం చేరలేదు, ఎముకకి ఏమీ కాలేదు, స్కాన్ శుభ్రంగా ఉందన్నారు. అమ్మ శిలువ గుర్తు వేసుకుని ఏడ్చేసింది. తమ్ముడు బయట బెంచీ మీద జెర్సీతోనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏం లేదన్నారుగా. ఇప్పుడు సంతోషమా?" అన్నాడు. అప్పుడే వాడి ఫోన్ మోగింది. వాడు లేకుండానే మా జట్టు గెలిచింది. వాడి బదులు ఆడిన అబ్బాయిని సెలెక్టర్లు పేరు అడిగి రాసుకున్నారట. రాష్ట్ర క్యాంపుకి ఆ అబ్బాయే వెళ్లాడు.

నిజం చెప్పాలంటే, స్కాన్ బాగుందని విన్న ఆ నిమిషంలో నాకు సంతోషంతో పాటు కాళ్ల కింద నేల జారినట్టయింది. అందరి ముందూ వాడి భవిష్యత్తుకి అడ్డుపడిన మనిషిని నేను. చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు.

డాక్టరు గారు నడివయసు ఆవిడ. నన్నూ నాన్ననీ కూర్చోబెట్టి చెప్పారు. "స్కాన్‌లో రక్తం, ఎముక విరగడం కనపడతాయండి. మెదడు లోపల అదిరితే అది కనపడదు. గుర్తుండకపోవడం, వెలుగు పడకపోవడం, అదే మాట మళ్లీ మళ్లీ అడగడం, ఇవే దాని గుర్తులు. అది తగ్గకముందు ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో నేను చెప్పలేను. బతికి బయటపడనివాళ్లు కూడా ఉన్నారు."

"ఇవాళ ఆడుంటే?" నాన్న అడిగారు.

"ఏమీ కాకపోయి ఉండొచ్చు కూడా," అన్నారావిడ. నా మనసు కుదుటపడే మాట ఏదీ ఆవిడ చెప్పలేదు. ఆ నిజాయితీకి ఇప్పటికీ గౌరవమే.

ఆ తర్వాతి వారాలు ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. తమ్ముడు కర్టెన్లు వేసుకుని గదిలో పడుకునేవాడు. ఫోన్ తెర చూస్తే తల పగిలిపోతోందనేవాడు. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకునేవాడు. అమ్మ అన్నం గిన్నెలోనే వండటం మొదలుపెట్టింది. వాడు అమ్మతో తప్ప ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నాన్న గది గుమ్మం దాకా వెళ్లి, వాడు గోడ వైపు తిరిగి పడుకోవడం చూసి, వెనక్కి వచ్చేసేవారు. సాయంత్రాలు నా వెనక కుర్చీలో కూర్చునేవారు కానీ, ఇవాళ ఎవడమ్మా అని అడగడం మానేశారు. నేను కూడా పెద్దగా రాయలేదు. ఆ సెంటర్ హాఫ్ పేజీ మాత్రం తీసి, ఒక వాక్యం చేర్చి పంపాను. తలకి దెబ్బ తగిలిన రోజే తిరిగి ఆడాడని, మరుసటి వారమూ ఆడాడని. అది జరిగింది కాబట్టి రాశాను. దాన్నుంచి ఏం అర్థం చేసుకుంటారో చదివేవాళ్ల ఇష్టం.

క్రిస్మస్ దగ్గర పడేసరికి తమ్ముడికి వెలుగు పడటం మొదలైంది. ఒక మధ్యాహ్నం వచ్చి నాన్న కుర్చీలో కూర్చున్నాడు. కంప్యూటర్ వైపు చూడకుండా, కళ్లు మూసుకుని, "వాళ్లందరూ చివరికి అట్టాగే అయ్యారా?" అని అడిగాడు.

వాడు నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో. తొందరపడి ఎక్కువ మాట్లాడితే లేచి వెళ్లిపోతాడని భయపడ్డాను.

"లేదురా. ఒకతను మోకాలు పోయాక పోస్ట్‌మ్యాన్ అయ్యాడు. సాయంత్రాలు ఊళ్లో పిల్లలకి ఆట నేర్పాడు. ఒకతను నలభై దాటాక కూడా గనివాళ్ల జట్టులో ఆడాడు. ఒకతను అమెరికా జట్లలో ఆడటానికి ఓడెక్కాడు, అక్కడే ఉండిపోయాడు."

"వాడు? ఆ సెంటర్ హాఫు?"

"వాడి గురించి నాకు తెలిసింది ఆ రోజు చెప్పిందే."

కళ్లు తెరిచి కిటికీ వైపు చూశాడు. తర్వాత అన్నాడు, "సెమీఫైనల్ రోజు వాన పడిందటగా. మనవాళ్లు అంటున్నారు. నాకు ఎండే గుర్తుంది అక్కా." వాడి జీవితంలో అంత బాగా ఆడిన మ్యాచ్ వాడి జ్ఞాపకంలోకి ఇంకా తిరిగి రాలేదు. నేను నాకు గుర్తున్నంతవరకు చెప్పాను. వాడు ఎవరి సంగతో వింటున్నట్టు విన్నాడు.

నాన్నతో మాటలు కలవడానికి ఇంకొంత కాలం పట్టింది. ఎలా కలిశాయో నేను చూడలేదు. ఒక రోజు ఇద్దరూ కలిసి మార్కెట్ నుంచి చేపలు పట్టుకొచ్చారు, అంతే.

ఈ వేసవిలో డాక్టరు గారు ఆడొచ్చన్నారు. కొన్నాళ్లు తలతో కొట్టకుండా, తర్వాత మెల్లమెల్లగా. తమ్ముడికి ఇప్పుడు కొండపల్లి దగ్గర ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్ ఉద్యోగం. సెలవు రోజుల్లో లోకల్ జట్టుకి ఆడతాడు. క్యాంపు నుంచి ఇంకా ఎవరూ పిలవలేదు. పిలుస్తారో లేదో తెలియదు.

తిరిగి ఆడిన మొదటి మ్యాచ్‌కి నాన్నా నేనూ వెళ్లాం. మొదటి సగంలో బంతులు వాడి దాకా రాలేదు. రెండో సగంలో ఒకటి వచ్చింది, ఎత్తుగా, నిదానంగా. నాన్న చెయ్యి వచ్చి నా చేతిని పట్టుకుంది.  తమ్ముడు కళ్లు తెరుచుకునే ఎగిరాడు. బంతి నుదుటికి తగిలి ముందుకి వెళ్లింది. వాడు దాని వెనక పరిగెత్తాడు. ఆట సాగిపోయింది. ఆ మ్యాచ్ మా వాళ్లు చిత్తుగా ఓడిపోయారు.

ఇంటికి వచ్చేటప్పుడు నాన్న ఆటో ఎక్కారు, స్కూటీ తమ్ముడే నడిపాడు. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అక్కా, ఆ రోజు నాన్న రాకపోతే నేను ఆడుండేవాణ్ణి. ఇప్పుడు అడిగినా అదే చెప్తా."

"తెలుసు," అన్నాను.

సిగ్నల్ పచ్చగా మారింది. ఇంట్లో అమ్మ పులుసు పెట్టి ఉంటుంది, ఆకలి దంచేస్తోంది అంటూ బండి ముందుకి పోనిచ్చాడు.